కెరటం మధ్యలో కెమెరా: ఏ లెన్స్ కొనాలి?

సముద్రం ఒడ్డుకు వెళితే మనం ఏం చేస్తాం? చీర కుచ్చిళ్ళు కాస్త పైకెత్తి పట్టుకుని, పాదాలు తడిసేదాకా వెళతాం. అల వెనక్కి తగ్గేటప్పుడు కాళ్ళ కింద ఇసుక జారిపోతుంటే కెవ్వుమని నవ్వుతూ వెనక్కి పరుగెత్తుకొస్తాం. అక్కడికి మన సరదా తీరిపోతుంది. కానీ కొందరుంటారు. చేతిలో కెమెరా పట్టుకుని ఆ కెరటానికే ఎదురీదుకుంటూ వెళతారు. పలక మీద నిలబడి నీటిమీద జారుకుంటూ వచ్చే సర్ఫర్‌ని, చెయ్యి చాస్తే అందేంత దగ్గర నుంచి ఫోటో తీస్తారు. ఒక్కోసారి కెరటం గొట్టంలా చుట్టుకుపోతుంటే, ఆ గొట్టం లోపల నుంచే తీస్తారు!

“బాగానే ఉంది గానీ, ఈ గొడవంతా ఇంటిపనితో సతమతమయ్యే మాకెందుకూ?” అంటారా? ఎందుకో చెబుతాను. టోక్యో ఒలింపిక్స్‌తో (అవి 2021లో జరిగాయి) సర్ఫింగ్ ఒలింపిక్ క్రీడ అయింది. మనదేశంలోనే చెన్నై దగ్గర కోవళంలో, మహాబలిపురంలో, కర్ణాటకలోని ముల్కిలో, మన విశాఖలో కూడా పలకలు పట్టుకుని కెరటాల్లోకి వెళ్ళే పిల్లలున్నారు. ఇక కాలిఫోర్నియాలోనో, ఆస్ట్రేలియాలోనో స్థిరపడిన మనవాళ్ళ పిల్లల సంగతి సరేసరి. రేపు మీ అబ్బాయో, అమ్మాయో, తమ్ముడి కొడుకో వచ్చి “నీళ్ళలో ఫోటోలు తీయడానికి వైడ్ యాంగిల్ లెన్స్ కావాలి” అంటే, డబ్బు సర్దాల్సిందీ మనమే, వాళ్ళు తిరిగి వచ్చేదాకా గుమ్మంలో నిలబడి ఎదురుచూడాల్సిందీ మనమే. అలాంటప్పుడు అదేమిటో తెలుసుకుంటే నష్టమేముంది? మనం కొనే లెన్స్‌ని బట్టి మన పిల్లలు కెరటానికి ఎంత దగ్గరగా వెళతారన్నది తేలుతుంది. అందుకే ఇది కేవలం డబ్బుకు సంబంధించిన విషయం కాదు.

భార్య అడిగిన ఫోటో

అమెరికాలోని హవాయి దీవుల్లో ఓవాహు అనే దీవి ఉంది. దాని ఉత్తర తీరాన్ని ‘నార్త్ షోర్’ అంటారు. చలికాలం వచ్చిందంటే అక్కడ ఇంటి కప్పులను మించిన కెరటాలు లేస్తాయి. క్లార్క్ లిటిల్ అనే ఆయన అక్కడివాడే. ఏళ్ళ తరబడి ఒక వృక్షశాస్త్ర ఉద్యానవనంలో సూపర్‌వైజర్‌గా పనిచేశాడు. 2007లో ఆయన భార్య పడకగది గోడకు అలంకారంగా ఒక కెరటం ఫోటో కావాలని ముచ్చటపడింది. “కొనడమెందుకు, నేనే తీసి ఇస్తాను” అంటూ ఆయన కెమెరా, దానికి నీళ్ళు తగలకుండా ఉండే పెట్టె కొనుక్కుని సముద్రంలోకి దిగాడు. ఒడ్డుకు ఆనుకుని, లోతు తక్కువ ఉన్న చోట కెరటం విరిగిపడే క్షణంలో దాని లోపల నుంచి ఫోటోలు తీశాడు. ఇవాళ ఆ ఫోటోలకు ప్రపంచమంతటా పేరుంది. చూశారా, ఒక ఇల్లాలి చిన్న కోరిక ఎంతదూరం వెళ్ళిందో!

అయితే ఈ కథలో మనం గమనించాల్సింది ఇంకొకటుంది. ఆయన కెమెరా పట్టుకునేనాటికే ఆ కెరటాల్లో ఏళ్ళకేళ్ళు సర్ఫింగ్ చేసిన మనిషి. ఏ అల ఎక్కడ విరుగుతుందో, ఎప్పుడు ఊపిరి బిగబట్టి కిందికి మునగాలో ఆయనకు బాగా తెలుసు. ముందు నీళ్ళు నేర్చుకున్నాడు, ఆ తర్వాతే లెన్స్ పట్టాడు. ఈ వరస గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

ఇది కొత్తగా పుట్టిన పిచ్చేం కాదు

నీళ్ళలోకి కెమెరా తీసుకువెళ్ళడం ఈనాటి ముచ్చట అనుకునేరు. టామ్ బ్లేక్ అనే అమెరికన్ సర్ఫర్ నీళ్ళు చొరబడని పెట్టెలో కెమెరా పెట్టుకుని తీసిన ఫోటోలు 1935లోనే నేషనల్ జియోగ్రాఫిక్ పత్రికలో అచ్చయ్యాయి. ఆయన్ని చూసి కాలిఫోర్నియాలో జాన్ బాల్ అనే దంతవైద్యుడికి ఉత్సాహం పుట్టింది. అందరూ ఆయన్ని ‘డాక్ బాల్’ అని పిలిచేవారు. పళ్ళు పీకే పని అయిపోగానే సముద్రానికి పరుగు! ఆయన తన కెమెరాకి తనే ఒక పెట్టె తయారుచేసుకున్నాడు. ఆయన ఫోటోలన్నీ కలిపి 1946లో ఒక పుస్తకం కూడా వేశాడు.

ఆ తర్వాత వచ్చాడు జార్జ్ గ్రీనో. 1960ల చివర్లో ఈయన సినిమా కెమెరాని పెట్టెలో బిగించి, ఆ బరువంతా వీపుకు కట్టుకుని సర్ఫింగ్ చేస్తూ, చుట్టుకుపోతున్న కెరటం లోపలి దృశ్యాన్ని చిత్రీకరించాడు. అంతకుముందు సర్ఫర్లకు తప్ప మరెవరికీ తెలియని దృశ్యం అది. అలా చేయగలగడానికి కారణాలు రెండు. ఒకటి ఆయన తెగువ. రెండోది, చుట్టూ ఉన్నదంతా ఇముడ్చుకునే వెడల్పాటి లెన్స్.

వెడల్పు లెన్స్ అంటే ఏమిటి?

ఇంట్లో పుట్టినరోజు పండగ అనుకోండి. చిన్న హాలు, పదిహేనుమంది చుట్టాలు. ఫోటో తీసే ఆయన వెనక్కి జరిగి జరిగి గోడకు ఆనుకున్నా అత్తయ్యగారు ఒక చివర, చిన్నాడపడుచు మరో చివర తెగిపోతూనే ఉంటారు. అప్పుడు వైడ్ యాంగిల్ లెన్స్ బిగిస్తే, నిలబడ్డచోటు నుంచి కదలకుండానే అందరూ ఫోటోలో పడతారు. అంతే సంగతి!

లెన్స్ మీద ‘మి.మీ.’ అని ఒక అంకె ఉంటుంది. అంకె తగ్గేకొద్దీ చూపు వెడల్పు పెరుగుతుంది. పాత ఫిల్మ్ రీలు సైజు సెన్సర్ ఉన్న ‘ఫుల్ ఫ్రేమ్’ కెమెరాలో మూల నుంచి మూలకు కొలిస్తే 50 మి.మీ. లెన్స్ సుమారు 47 డిగ్రీలు చూస్తుంది. 35 మి.మీ. 63 డిగ్రీలు, 24 మి.మీ. 84 డిగ్రీలు, 16 మి.మీ. అయితే 107 డిగ్రీలు. సెన్సర్ చిన్నదైన కెమెరాలుంటాయి. వాటిల్లో అదే లెన్స్ ఇరుగ్గా చూస్తుంది. పెద్ద కెమెరాలో 16 మి.మీ. చేసే పనికి ఆ చిన్న కెమెరాలో 10 మి.మీ. లెన్స్ కావాలి. కాబట్టి కొట్లోకి వెళ్ళగానే ముందు అడగాల్సింది “కెమెరా సెన్సర్ సైజెంత?” అని.

ఇక ‘ఫిష్ ఐ’ లెన్స్ అని మరొకటుంది. వీధి తలుపుకి బిగించే మేజిక్ ఐ లోంచి ఎప్పుడైనా చూశారా? బయట నిలబడ్డ పాలబ్బాయి ముక్కు పెద్దదిగా, పక్కనున్న గోడలు విల్లులా వంగిపోయి కనిపిస్తాయి. ఫిష్ ఐ చూపు కూడా అలాగే ఉంటుంది. మూల నుంచి మూలకు 180 డిగ్రీలు చూస్తుంది. గీతలన్నీ వంచేస్తుంది. పెళ్ళి ఫోటోకి పనికిరాదు గానీ, కెరటానికి మాత్రం భలే నప్పుతుంది. ఎందుకంటే కెరటం ఎలాగూ వంకరే! అందులో వంగకూడని గీత ఏముంది, ఒక్క దిగంతరేఖ తప్ప? ఆ రేఖని ఫోటో మధ్యకు తెచ్చుకుంటే అదీ తిన్నగానే ఉంటుంది.

అసలు లెక్క దూరానిది

“అయితే అన్నిటికన్నా వెడల్పుదే కొనేద్దాం” అని తొందరపడకండి. వెడల్పు లెన్స్‌కి ఒక గుణం ఉంది. అన్నిటినీ ఇముడుస్తుంది, కానీ అన్నిటినీ చిన్నవి చేసేస్తుంది. ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. భయపడకండి, చాకలి పద్దుకన్నా సులువే.

పలక మీద వంగి నిలబడ్డ సర్ఫర్ ఎత్తు 1.5 మీటర్లు అనుకుందాం. ఫుల్ ఫ్రేమ్ కెమెరా అడ్డంగా పట్టుకున్నాం. అతను 3 మీటర్ల దూరంలో ఉన్నాడు.

16 మి.మీ. లెన్స్‌తో తీస్తే, ఫోటో ఎత్తులో మూడోవంతు ఉంటాడు.

24 మి.మీ. తో అయితే సగం.

35 మి.మీ. తో సుమారు ముప్పాతిక.

50 మి.మీ. తో ఫోటో పట్టకుండా నిండిపోతాడు.

ఇప్పుడు అతను 6 మీటర్ల దూరంలో ఉన్నాడనుకోండి. పై అంకెలన్నీ సగానికి సగం. అంటే 16 మి.మీ. తో ఆరోవంతే. 12 మీటర్ల దూరమైతే పన్నెండోవంతు. మూరెడు ఎత్తు ఫోటో వేయించినా మనిషి బొటనవేలంత ఉంటాడన్నమాట. “ఇదేమిట్రా, మీ స్నేహితుడు ఎక్కడున్నాడూ?” అని కళ్ళజోడు పెట్టుకుని వెతుక్కోవాలి.

ఫిష్ ఐ సంగతి మరీను. 15 మి.మీ. ఫిష్ ఐతో 3 మీటర్ల నుంచి తీసినా సర్ఫర్ మూడోవంతుకన్నా తక్కువే. అందుకే ఫిష్ ఐ వాడేవాళ్ళు మీటరు, రెండు మీటర్ల దగ్గరకు వెళ్ళిపోతారు. అంటే, పదునైన రెక్కలున్న పలక మీద వేగంగా దూసుకొచ్చే మనిషికి మీటరు దూరం! కెరటం తలమీద విరిగే చోట!

ఇప్పుడర్థమైందా? లెన్స్ ఎంచుకోవడమంటే దూరం ఎంచుకోవడమే. “ఎంత వెడల్పు కావాలి?” అని కాదు, “నువ్వు ఎంత దగ్గరకు వెళ్ళగలవు? వెళ్ళి క్షేమంగా రాగలవు?” అని అడగాలి. దానికి వచ్చే జవాబే మీ లెన్స్ అంకె.

గ్లాసులో చెంచా

ఇక నీళ్ళ పెట్టె సంగతి. దీన్ని వాటర్ హౌసింగ్ అంటారు. కెమెరా పెట్టె లోపల ఉంటుంది. లెన్స్ ఎదురుగా ఉండే అద్దం భాగాన్ని ‘పోర్ట్’ అంటారు. ఇది రెండు రకాలు. ఒకటి పలకలా చదునుగా ఉండే ఫ్లాట్ పోర్ట్. రెండోది బోర్లించిన గిన్నెలా ఉబ్బెత్తుగా ఉండే డోమ్ పోర్ట్.

నీళ్ళ గ్లాసులో చెంచా వేసి చూడండి. నీటిమట్టం దగ్గర విరిగినట్టు కనిపిస్తుంది. గంగాళం అడుగున పడిన ఉంగరం అసలున్నదానికన్నా పైకి వచ్చినట్టు అనిపిస్తుంది. వెలుతురు నీళ్ళలోంచి గాలిలోకి వచ్చేటప్పుడు దారి మార్చుకోవడమే కారణం. చదునైన అద్దం వెనక నుంచి నీళ్ళలోకి చూసినా ఇదే జరుగుతుంది. వస్తువులు నాలుగింట మూడువంతుల దూరంలోనే ఉన్నట్టు, మూడోవంతు పెద్దవైనట్టు కనిపిస్తాయి. అంటే మీరు డబ్బుపోసి కొన్న 24 మి.మీ. వెడల్పు లెన్స్ నీటి అడుగున 32 మి.మీ. లెన్స్‌లా ఇరుకైపోతుంది! మూలలు కూడా అలుక్కుపోతాయి.

గిన్నెలాంటి డోమ్ ఈ నష్టాన్ని పూడుస్తుంది. నీటి అడుగున కూడా లెన్స్ తన వెడల్పు తను చూస్తుంది. అయితే దీనికీ ఒక మెలిక ఉంది. నీటిలో డోమ్ వెనక ఉన్న లెన్స్‌కి దూరపు వస్తువులు కూడా దగ్గరగా ఉన్నట్టే అనిపిస్తాయి. 20 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న డోమ్ అయితే, ఎంతో దూరంలో ఉన్న దృశ్యం కూడా డోమ్ ముందు సుమారు 30 సెంటీమీటర్ల దగ్గర ఉన్నట్టు లెన్స్ భావిస్తుంది. కాబట్టి అంత దగ్గర వస్తువును ఫోకస్ చేయగలిగే లెన్స్ అయి ఉండాలి. కొనేముందు “ఎంత దగ్గరకు ఫోకస్ అవుతుంది?” అని తప్పక అడగమనండి.

కెమెరా నీటి పైనే ఉంటే ఈ వంకర ఏదీ ఉండదు, ఎందుకంటే అద్దానికి రెండు వైపులా గాలే కదా. అయినా ఫిష్ ఐకి డోమ్ తప్పదు. అది పక్కలకు కూడా చూస్తుంది కనుక, ఫ్లాట్ పోర్ట్ పెడితే దాని అంచులే నల్లగా ఫోటోలో పడతాయి. 35, 50 మి.మీ. లెన్స్‌లతో నీటి పైన తీసేవాళ్ళకు ఫ్లాట్ పోర్ట్ చక్కగా సరిపోతుంది. పట్టుకోవడానికి తేలిక కూడా.

సగం నీటిపైన, సగం నీటి అడుగున కనిపించే ఫోటోలు చూసే ఉంటారు. వాటికి పెద్ద డోమ్ అయితే నీటి గీత సన్నగా, అందంగా పడుతుంది. కానీ పెద్ద డోమ్‌ని కెరటం బలంగా తోస్తుంది. చెయ్యి తిరిగినవాళ్ళే పట్టుకోగలరు. డోమ్ గాజుదైతే గీతలు తొందరగా పడవు గానీ బరువు, ఖరీదు ఎక్కువ. ఏక్రిలిక్‌దైతే తేలిక. గీతలు పడతాయి, కానీ సానపెట్టి పోగొట్టుకోవచ్చు.

జూమ్ కావాలా?

16 నుంచి 35 మి.మీ. వరకు మార్చుకోగల జూమ్ లెన్స్ చూడగానే “ఒక్కటి కొంటే అన్ని పనులూ అయిపోతాయి కదా” అనిపిస్తుంది. మన గృహిణుల లెక్క ప్రకారం అది సబబే. కానీ పెట్టె మూసేశాక లెన్స్‌ని తిప్పేదెలా? దానికోసం పెట్టెలో విడిగా ఒక పళ్ళచక్రం అమర్చుకోవాలి. అది లేకపోతే ఒడ్డున ఏ అంకె దగ్గర పెట్టారో, నీళ్ళలోనూ అదే. పైగా ఒక చేత్తో ఈదుతూ, ఒక చేత్తో పెట్టె పట్టుకుని, కెరటం మీదికొస్తుంటే జూమ్ తిప్పుకునే తీరిక ఎవరికుంటుంది? అందుకే చాలామంది ఒకే అంకె ఉన్న చిన్న, తేలిక లెన్స్‌కే మొగ్గు చూపుతారు.

వెడల్పు లెన్స్‌తో ఒక గొప్ప సౌకర్యం ఉంది. ఫోకస్ గురించి పెద్దగా అవస్థ పడనక్కర్లేదు. నీటి పైన తీసేటప్పుడు 16 మి.మీ. లెన్స్‌ని ఎఫ్ 8 దగ్గర పెట్టి, ఒక మీటరుకు కాస్త అవతల ఫోకస్ చేసి వదిలేస్తే, సుమారు అరమీటరు నుంచి కనుచూపుమేర దాకా అంతా స్పష్టంగా పడుతుంది. అదే 50 మి.మీ. అయితే 10 మీటర్ల దగ్గర ఫోకస్ పెట్టినా 5 మీటర్లకు ఇవతలున్నది మసకే. షట్టర్ వేగం మాత్రం సెకనులో వెయ్యోవంతు, లేదా ఇంకా తక్కువ సమయం ఉండాలి. లేకపోతే నీటి తుంపరలు ముత్యాల్లా విడివిడిగా కాక, పిండి నీళ్ళలా కలిసిపోతాయి.

కుక్కర్ గాస్కెట్ లాంటిదే

హౌసింగ్ మూతకి ‘ఓ రింగ్’ అనే రబ్బరు వలయం ఉంటుంది. మన ప్రెషర్ కుక్కర్ గాస్కెట్ ఉంది చూడండి, దాని చుట్టమే! గాస్కెట్‌కి ఒక్క మెతుకు అంటుకున్నా ఆవిరి కారిపోతుంది కదా. ఇక్కడ ఒక్క ఇసుక రేణువు, ఒక్క తలవెంట్రుక అడ్డుపడ్డా ఉప్పునీరు లోపలికొస్తుంది. కెమెరా, లెన్స్ రెండూ పోయినట్టే. కాబట్టి మూసేముందు వేలితో తడిమి చూడాలి. దానికి చెప్పిన సిలికాన్ గ్రీజే పలచగా రాయాలి. ఇంట్లో ఉంది కదా అని కొబ్బరినూనె రాసేరు సుమా!

కొత్త పెట్టె రాగానే కెమెరా పెట్టకుండా, లోపల ఒక టిష్యూ కాగితం పెట్టి, బకెట్ నీళ్ళలో అరగంట ముంచి ఉంచండి. కాగితం పొడిగా ఉంటేనే కెమెరా. ఈ పరీక్ష మీ చేతులమీదుగా జరిపించండి. వాడిన ప్రతిసారీ మంచినీళ్ళలో నానబెట్టి కడగాలి.

లోపలి అద్దానికి ఆవిరి పట్టే బాధ కూడా ఉంటుంది. లోపల చిక్కుకున్న గాలిలోని తేమే అందుకు కారణం. పొడిగా ఉన్న గదిలో కెమెరా బిగించి, మందు సీసాల్లో, కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు ఒకటి రెండు లోపల పెడితే చాలావరకు ఆగుతుంది.

ఇక బయట అంటుకునే నీటి చుక్కలు. వెడల్పు లెన్స్‌కి ఇవి పెద్ద శత్రువులు. పొడుగు లెన్స్‌లో కనబడకుండా పోయే చుక్క, వెడల్పు లెన్స్‌లో సర్ఫర్ మొహం మీద పెద్ద మచ్చై కూర్చుంటుంది. అందుకని ఫోటోగ్రాఫర్లు అద్దాన్ని నాలుకతో తడిచేసి, నీళ్ళలో ఒకసారి ముంచి పైకెత్తుతారు. అప్పుడు నీరు చుక్కలు కట్టకుండా పలుచని పొరలా జారుతుంది. వినడానికి అదోలా ఉన్నా, బాగా పనిచేసే చిట్కా ఇది.

మరో మాట. హౌసింగ్ ఒక కెమెరా మోడల్‌కే సరిపోతుంది. పోర్ట్ కూడా లెన్స్‌ని బట్టే. లెన్స్ మారిస్తే పోర్ట్ కూడా మార్చాల్సి రావచ్చు. కాబట్టి లెన్స్ ధర ఒక్కటే చూసి బడ్జెట్ వేసుకోకండి. లెన్స్, పోర్ట్, పెట్టె మూడూ కలిపి ధర అడగండి. జాకెట్టు గుడ్డ, లైనింగు, కుట్టుకూలి కలిపి లెక్కేసుకుంటాం కదా, అలాగన్నమాట.

ఈ మాట దాచకూడదు

నార్త్ షోర్‌లోనే ‘పైప్‌లైన్’ అని పేరున్న కెరటం ఉంది. లోతు తక్కువున్న గట్టి రాతిదిబ్బ మీద విరుగుతుంది. అక్కడ ఫోటోలు తీసి పేరు తెచ్చుకున్న జాన్ మోజో 2005 ఫిబ్రవరిలో ఆ నీళ్ళలోనే ప్రాణాలు కోల్పోయాడు. అనుభవం లేనివాడు కాదు. సముద్రం తెలిసినవాడే. ఆ తర్వాతి కాలంలో ఆయన కూతురు ఆంబర్ కూడా కెమెరా పట్టుకుని నీళ్ళలోకే వెళ్ళింది. ఆ ఇంటి ఇల్లాలి గుండె ఎంత గట్టిదై ఉండాలో ఆలోచించండి. అదే పైప్‌లైన్‌లో ఈదుతూ ఫోటోలు తీసే మరో స్త్రీ క్రిస్టా ఫంక్. ఆమె అంతకుముందు అమెరికా కోస్ట్‌గార్డ్‌లో పనిచేసిన ఈతగత్తె.

పిల్లల్ని భయపెట్టి ఆపమని చెప్పడం లేదు. లెన్స్ కొనేముందు ఈత సంగతి తేల్చుకోమని చెబుతున్నాను. కాళ్ళకు రెక్కల చెప్పులు, తలకు హెల్మెట్ ఉన్నాయా? ఒడ్డునుంచి లోపలికి లాక్కుపోయే ప్రవాహాన్ని గుర్తుపట్టి, దానికి ఎదురీదకుండా పక్కకు ఈదుకుంటూ బయటపడటం తెలుసా? తోడు ఎవరైనా ఉంటారా? విశాఖ రామకృష్ణా బీచ్‌లో ఏటా ఎవరో ఒకరి బిడ్డను అల లాక్కుపోయిందని పేపర్లో చదివి కళ్ళు తుడుచుకునే మనకు ఇది వేరే చెప్పాలా?

మంచి ఫోటోకి నీళ్ళలోకి దిగి తీరాలనే నియమం కూడా లేదు. 2024 పారిస్ ఒలింపిక్స్ సర్ఫింగ్ పోటీలు తాహితి దీవిలోని తెఆహుపోలో జరిగాయి. బ్రెజిల్ సర్ఫర్ గేబ్రియల్ మెదీనా కెరటం పైన గాలిలో నిలువునా నిలబడి, పలక కూడా పక్కనే నిలబడినట్టున్న ఫోటో ప్రపంచమంతా చూసింది. దాన్ని తీసిన జెరోమ్ బ్రూయే పడవలో కూర్చునే తీశాడు!

మరి ఏది కొనాలి?

ఇప్పుడే నేర్చుకుంటున్నవాళ్ళయితే: పెద్ద కెమెరా జోలికే వద్దు. గోప్రో లాంటి చిన్న యాక్షన్ కెమెరా చాలు. ఆ కంపెనీ స్థాపించిన నిక్ వుడ్‌మన్ కూడా, సర్ఫింగ్ చేసేటప్పుడు తన ఫోటోలు తీసుకోవాలన్న ఆలోచనతోనే మొదలుపెట్టాడు. అందులో వెడల్పు లెన్స్ ముందే ఉంటుంది. ఈ మధ్య వచ్చే మోడల్స్ విడిగా పెట్టె లేకుండానే 10 మీటర్ల లోతు దాకా తట్టుకుంటాయి. ఏడాది దాంతో తీయనివ్వండి. ఎంత దగ్గరకు వెళుతున్నారో ఆ ఫోటోలే చెబుతాయి.

నడుము లోతు నీళ్ళలో, చిన్న కెరటాల్లో, స్నేహితుల్ని తీసేవాళ్ళయితే: 24 లేదా 35 మి.మీ. లెన్స్. నీటి పైన మాత్రమే తీస్తే ఫ్లాట్ పోర్ట్. 3 నుంచి 6 మీటర్ల ఎడం ఉంచుకోవచ్చు. మొదటి లెన్స్‌గా నా ఓటు దీనికే.

ఎడం ఇంకా ఎక్కువ కావాలంటే: 50 మి.మీ. ధర తక్కువ, బరువు తక్కువ, తల్లికి దిగులూ తక్కువ.

నీటి అడుగు దృశ్యాలు, సగం సగం ఫోటోలు ఇష్టమైతే: 16 మి.మీ. ప్రాంతపు లెన్స్, పెద్ద డోమ్.

గట్టి ఈతగాళ్ళై, కెరటాన్ని చదవడం వచ్చి, ఎదురుగా వచ్చే సర్ఫర్‌తో ముందే మాట్లాడుకుని దిగేవాళ్ళయితే: అప్పుడు ఫిష్ ఐ, డోమ్. అంతకుముందు కాదు.

ఇంకో ఉపాయం. కొనేముందు అద్దెకు దొరుకుతుందేమో కనుక్కోమనండి. పెద్ద ఊళ్ళలో లెన్స్‌లు రోజువారీ అద్దెకు ఇచ్చే షాపులున్నాయి. అద్దె లెన్స్‌తో ముందు పొడి నేల మీదే, 3 మీటర్ల దూరంలో తమ్ముణ్ణి పీట మీద వంగి నిలబెట్టి ఫోటో తీసి చూస్తే, పై లెక్కంతా కళ్ళముందే తేలిపోతుంది. పెరట్లోనే అయిపోయే పరీక్ష ఇది. నీటి చుక్క ఖర్చు కాదు!

పిల్లలు మిమ్మల్ని లెన్స్ అడిగినప్పుడు “ఎంతవుతుంది?” అన్న ప్రశ్న ఎలాగూ మన నోట వస్తుంది. దానికన్నా ముందు “ఎంత దగ్గరకు వెళతావు?” అని అడిగి చూడండి. సూటిగా, తడుముకోకుండా మీటర్లలో జవాబు చెప్పిన బిడ్డకు లెన్స్ కొనిపెట్టవచ్చు. నీళ్ళు నమిలిన బిడ్డకు ముందు ఈత నేర్పించండి. ఏమంటారు?